బొడ్డుతాడు కోసం దివిసీమకి

బందరు వెళ్ళొచ్చానని చెబితే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు, లడ్డూలు తెచ్చావా అని. తేలేదు. నేను వెళ్ళింది బొడ్డుతాడు కోసం. ఆ మాట అన్నాక రెండో ప్రశ్న వేసినవాళ్ళు లేరు. వాళ్ళు అడగకపోయినా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో వైద్య విద్యార్థులకి పాథాలజీ చెప్పే ట్యూటర్ని. అంటే, పోయినవాళ్ళ గుండెలూ మూత్రపిండాలూ సీసాల్లో పెట్టి, పరీక్ష గట్టెక్కడం తప్ప మరో ఆశ లేని కుర్రాళ్ళకి చూపించే ఉద్యోగం. దివిసీమ ఉప్పెన వచ్చి రెండేళ్ళు కాకముందు సంగతి ఇది. ఆ వేసవిలో మా ప్రొఫెసర్ గారు బొంబాయిలో ఏదో సభకి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే ఉన్నారు. వచ్చేసరికి ఆయనకి రక్తనాళాల లోపొర పట్టుకుంది.

ఆ పొర గురించి కాస్త చెప్పాలి. మన ఒంట్లో ప్రతి రక్తనాళానికీ లోపలివైపు ఒక పొర ఉంటుంది, ఒకే ఒక్క కణం మందాన. తల్లి కడుపులో పిండానికి గుండె కొట్టుకోకముందే ఈ కణాలు అక్కడక్కడా గుంపులుగా పుట్టి, ఒకదాన్నొకటి వెతుక్కుని, అంచులు కలుపుకుని గొట్టాలవుతాయి. గుండె నెత్తురు తోసేసరికి దారులు సిద్ధంగా ఉంటాయి. మేం చదువుకునే రోజుల్లో దీన్ని గోడకి వేసిన సున్నంలా చెప్పి వదిలేశారు. సున్నం కాదని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. నాళాల్లో నెత్తురు గడ్డకట్టకుండా కాచుకునేది ఆ పొరే. అది చెడితే గడ్డలు కడతాయి, నీరు బయటికి ఊరిపోతుంది. గర్భిణులకి ఒళ్ళంతా నీరు పట్టి, రక్తపోటు పెరిగి, చివరికి ఫిట్స్ వస్తాయే, పల్లెల్లో గుర్రపువాతం అంటారు, ఆ జబ్బుతో పోయినవాళ్ళ మూత్రపిండం కోసి చూస్తే ఈ కణాలే ఉబ్బిపోయి దారులు మూసేసి కనిపిస్తాయి. నేను మైక్రోస్కోపులో చాలాసార్లు చూశాను. బతికున్న మనిషిలో మాత్రం అప్పటికి ఒక్కసారీ చూడలేదు.

విదేశాల్లో బొడ్డుతాడులోని సిర నుంచి ఈ కణాల్ని బతికుండగానే తీసి గాజు పళ్ళేల్లో పెంచుతున్నారట. మనమూ పెంచాలన్నారు ప్రొఫెసర్ గారు. అదీ గుర్రపువాతం వచ్చిన తల్లిదే కావాలి, అదీ ఉప్పునీళ్ళు తాగే తీరం నుంచే రావాలి. అక్కడ ఆ జబ్బు ఎక్కువని ఆయన సిద్ధాంతం. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. సముద్రం విశాఖలోనూ ఉంది కదండీ అంటే, మన నీళ్ళు కొండల నుంచి వస్తాయన్నారు. బొడ్డుతాడులోది బిడ్డ రక్తనాళం, జబ్బు తల్లిది కదండీ అంటే, "నీకు ఊహ తక్కువమ్మా" అన్నారు. ఊహ ఎక్కువున్నాయన ఫ్యాన్ కింద కూర్చున్నారు. ఊహ తక్కువైన నేను రెండు ఐస్ ఫ్లాస్కులూ, బీపీ మిషనూ, మూడు చీరలూ పట్టుకుని రైలెక్కాను.

గుడివాడ

బందరు బండి కోసం గుడివాడ స్టేషన్లో మూడు గంటలు కూర్చున్నాను. పక్కన ఒక పెద్దమనిషి చేరాడు. రైసుమిల్లు గుమాస్తానని తనే చెప్పుకున్నాడు. మా విశాఖలో పక్కవాడి పేరు తెలుసుకోవడానికి ఆరు నెలలు పడుతుంది. ఇక్కడ టీ చల్లారేలోపు నా ఇంటిపేరు, జీతం, ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళెందుక్కాలేదన్న సంగతి మొత్తం రాబట్టేశాడు. మూడోదానికి మాత్రం నా జవాబు ఆయనకి నచ్చలేదు.

బీపీ మిషను కంటబడగానే ఆయన మొహం వెలిగింది. "మా ఓనరు గారికి రెండువందల నలభై ఉందండీ" అన్నాడు, పొలం ఎకరాలు చెప్పినట్టు. "హైదరాబాదు నించి డాక్టర్ని రప్పించారు. ఆయనే హడలిపోయాడు."

"మందులు వాడుతున్నారా?"

"ఎందుకండీ, మహారాజులా ఉన్నారు. పొద్దున్నే పది వెల్లుల్లి రేకలు."

తనకీ చూడమని చెయ్యి చాపాడు. చూశాను. నూట ఇరవై, ఎనభై. చెప్పగానే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మిషను సరిగ్గా పనిచెయ్యడం లేదేమోనన్నాడు. అప్పటికే వెనకాల ఏడెనిమిది మంది చొక్కా చేతులు పైకి మడుచుకుని నిలబడ్డారు. ఎక్కువ వచ్చినవాడు పక్కవాళ్ళ వంక గర్వంగా చూస్తున్నాడు, తక్కువ వచ్చినవాడు మళ్ళీ చూడమంటున్నాడు. రక్తపోటు కూడా ఆస్తిపాస్తుల్లోకి వస్తుందని నాకు గుడివాడలో తెలిసింది. ఒకాయన కృతజ్ఞతగా పెసరట్టు ఉప్మా తెప్పించి పెట్టాడు. నెయ్యి చేతికి కారుతోంది. ఆ పెసరట్టు మాత్రం విశాఖలో పుట్టి చచ్చినా దొరకదు, ఒప్పుకుంటున్నాను.

బందరు

మచిలీపట్నం అని రైలు బోర్డు మీద తప్ప ఎవరూ అనరు. అందరికీ బందరే. ఒకప్పుడు ఓడలొచ్చేవట. ఇప్పుడు దోమలొస్తున్నాయి. నేను దిగిన లాడ్జిలో దోమతెరకి రోజుకి అర్ధరూపాయి వేరే. తెరకి ఉన్న కంతల్లోంచి నేను కూడా దూరగలను. మిఠాయి కొట్టు దగ్గర ఒకాయన నన్ను ఆపి, లడ్డూ పిండిని రోకళ్ళతో ఎన్ని గంటలు దంచుతారో చెబుతూ నా బస్సు తప్పించాడు. లడ్డూ బాగుంది. ఆ ఉపన్యాసం వినకుండా తింటే ఇంకా బాగుండేది.

నేను వెతుక్కుంటూ వెళ్ళింది సుగుణమ్మ గారిని. మిషనరీలు కట్టిన ఒక ప్రసూతి ఆసుపత్రిలో హెడ్ నర్సు. మొవ్వ దగ్గర పల్లెలో కూలి పని చేసుకునే ఇంట్లో పుట్టి, చర్చి బళ్ళో చదువుకుని, ముప్ఫై ఏళ్ళుగా బిడ్డల్ని పట్టుకుంటోంది. తెల్లచీర, మెళ్ళో నల్లదారానికి చిన్న శిలువ. నా ఫ్లాస్కుల వంక చూసి, "ఐసు దేనికండీ?" అని అడిగింది. చెప్పాను. పెదవి విరిచింది.

"మా దగ్గరికి వచ్చేసరికే ఫిట్స్ వచ్చేసి, నాలుక కొరుక్కుని, స్పృహ లేకుండా వస్తారండి. అప్పుడు మీ బొడ్డుతాడు గొడవ ఎవరిక్కావాలి? నాగాయలంక వెళ్ళండి. అక్కడ కనకమ్మని ఒకావిడుంది, చేపల వ్యాపారం. ఆవిడ కోడలికి నెలలు నిండినయ్. పోయిన శనివారం నేను వెళ్ళినప్పుడు పాదాలు కాస్త పొంగి ఉన్నాయి. మళ్ళీ శనివారం గానీ నాకు కుదరదు. మీరు వెళ్తే చూసినట్టూ ఉంటది."

"బీపీ మిషను తెచ్చాను లెండి" అన్నాను గొప్పగా.

"మిషను మంచిదేనండి. కానీ ముందు గాజులు చూడండి. ఐదో నెల సూడిదలప్పుడు వేసిన గాజులు కాన్పయ్యే దాకా తీయరు అక్కడ. గాజుకీ మణికట్టుకీ మధ్య మీ చిటికెన వేలు దూరాలి. దూరిందా, ఫరవాలేదు. దూరలేదనుకోండి, ఇంకేం చూడక్కర్లేదు. ఆ పూట బస్సుకే నా దగ్గరికి పంపెయ్యండి."

నేను నవ్వాను. ఎంబీబీయస్, ఎండీ చదివినదానికి చిటికెన వేలు వైద్యం నేర్పుతోందని. ఆవిడ ఏమీ అనుకోలేదు. కనకమ్మకి ఇమ్మని చీటీ రాసిచ్చింది.

నాగాయలంక

తెల్లారి మొదటి బస్సుకి బయల్దేరాను. కృష్ణ పాయ దాటి దివిసీమలోకి వెళ్ళాక తాటిచెట్లు ఇంకా ఒకవైపుకే వంగి ఉన్నాయి. ఉప్పెన తర్వాత కట్టిన సిమెంటిళ్ళు వరసగా అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఒక్కో ఇంటి మీదా దాత పేరు చెక్కిన పలక ఉంది. కిటికీ చిన్నది, పలక పెద్దది. గాలి ఆడకపోయినా ఫరవాలేదు, పేరు కనపడాలి. నా పక్క సీట్లో ముసలాయన ఏడో తరగతి పిల్లాడిలా ఆ పేర్లన్నీ పైకి చదువుతూ కూర్చున్నాడు. చదివి చదివి, "వీళ్ళలో ఒక్కడూ ఈ ఇళ్ళల్లో పడుకోలేదండి, వేసవిలో" అన్నాడు. ప్రయాణం మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే.

కనకమ్మ ఇల్లు కూడా ఆ వరసలోదే. నేను చేరేసరికి తొమ్మిదిన్నర. చీటీ ఇచ్చాను. ఆవిడకి చదువు రాదు, సుగుణమ్మ గారి పేరు చెప్పగానే మంచం వాల్చింది. పెద్దకొడుకు, వాడి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఉప్పెనలో పోయారని, నేనడక్కుండానే, మంచినీళ్ళు అందిస్తూ చెప్పింది. చిన్నకొడుకు వేటకి వెళ్ళాడు. అతని భార్య నాగమణికి తొలిచూలు. నీళ్ళొచ్చి పోయాక ఈ ఇంట్లో పుట్టబోయే మొదటి బిడ్డ.

నాగమణి గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తోంది. ఇరవయ్యేళ్ళుంటాయి. ముఖం గుండ్రంగా, కళ్ళ కింద నిగనిగలాడుతూ ఉంది.

"మా కోడలు బాగా ఒళ్ళు చేసిందండి" అంది కనకమ్మ మురిసిపోతూ. "వచ్చినప్పుడు పుల్లలా ఉండేది. గాజులు కూడా కదలటల్లేదు, చూడండి. బిడ్డ బలంగా ఉన్నట్టు."

చూశాను. చేతికి పన్నెండు చొప్పున ఆకుపచ్చ మట్టిగాజులు. మణికట్టు వాటిమీద పొంగి, పిండిలో నొక్కినట్టు దిగబడి ఉన్నాయి. చిటికెన వేలు కాదు, సూది కూడా దూరదు.

అప్పుడు నాకు కలిగింది సంతోషం. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ భయమో జాలో కలిగిందని రాస్తే అబద్ధం. దొరికింది అనుకున్నాను. అంతదూరం ఊరికే రాలేదు, ప్రొఫెసర్ గారి మొహాన కొట్టడానికి ఒకటి దొరికింది. బీపీ చూస్తే నూట డెబ్భై, నూట పది.

పదకొండింటికి బందరు బస్సు ఉంది. "అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్తే మంచిది" అన్నాను.

"కాన్పు ముంగిట ఏరు దాటించకూడదండి. అక్కడికెళ్తే గాజులు పగలగొట్టేస్తారంటగా. తొలికాన్పు, నా చేత్తో వేయించిన గాజులు."

ఒక్కసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. వీళ్ళకి ఎంత చెప్పినా అంతే, మూఢనమ్మకాలు, ఎవరి ఖర్మ వాళ్ళది, ఇలాంటివన్నీ నాలో నేనే అనుకున్నాను. ఇక్కడే కాన్పయితే బొడ్డుతాడు నిమిషాల మీద నా చేతికొస్తుంది, ఆసుపత్రికెళ్తే మందులు కలిసిన తాడవుతుంది, అది కూడా అనుకున్నాను. సాయంత్రం బస్సు ఉంది కదా, అప్పటికి నచ్చజెబుదాంలే అనుకున్నాను. పదకొండు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ వీధి చివర నుంచి వెళ్ళిపోయింది. నేను మంచం మీంచి లేవలేదు.

మధ్యాహ్నం పీతల ఇగురు పెట్టింది కనకమ్మ. మా ఇంట్లో పీతంటే పులుసులో తేలేదే. ఇక్కడ మసాలా పట్టించి, డొప్ప విరిస్తే లోపలి గుజ్జు వేళ్ళకంటేలా దగ్గరికి వేయిస్తారు. మూడుసార్లు అన్నం కలుపుకున్నాను. తింటూనే నా పని చెప్పాను, బిడ్డ పుట్టాక బొడ్డుతాడు ఇవ్వాలని.

కనకమ్మ గరిటె కింద పెట్టింది. "అది ఇవ్వకూడదమ్మా. మాయతో కలిపి కొత్తకుండలో పసుపేసి పెరట్లో పాతాలి. అది ఏడుంటే మనిషి ఆడికి తిరిగొస్తాడు. ఇదివరకు మోకాల్లోతు తవ్వేవాళ్ళం. నా పెద్దోడిదీ, ఆడి పిల్లలదీ అంతే తవ్వా. నీళ్ళొచ్చి కుండలన్నీ పెళ్ళగించుకుపోయినయ్. ఇప్పుడు నడుంలోతు తవ్వుతున్నాం."

వాళ్ళు నడుంలోతు తవ్వుతామనడం విని కూడా నేను నోట్సులో రాసుకున్న ముక్క ఇది: ఒప్పించడం కష్టం, పది రూపాయలిచ్చి చూడాలి.

రెండు గంటలప్పుడు నాగమణి గుమ్మంలోంచి పిలిచింది. "అత్తయ్యా, వల కళ్ళు కనపడటల్లేదు. పొగ కమ్మినట్టుంది."

నేను లేచేలోపు ఆ పిల్ల పక్కకి ఒరిగి, కళ్ళు తేలేసి, కొట్టుకోవడం మొదలుపెట్టింది. అంతవరకూ నా మైక్రోస్కోపు కింద రంగు అద్దిన గాజుపలక మీద ఉన్న జబ్బు, కనకమ్మ గడప మీద నురగ కక్కుతోంది. చెంచాకి గుడ్డ చుట్టి పళ్ళ మధ్య పెట్టి, పక్కకి తిప్పి పట్టుకున్నాను. పదేళ్ళయింది నేను బతికున్న మనిషికి వైద్యం చేసి.

వీధిలో రొయ్యల వ్యాన్ ఒకటి ఉంది. రొయ్యల బుట్టలు దింపేసి, తడి గోనెల మీద పడుకోబెట్టాం. బందరు చేరేలోపు ఇంకో రెండుసార్లు వచ్చింది. కనకమ్మ దారంతా కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మళ్ళీ బందరు

సుగుణమ్మ గారు నాగమణి చేతులు చూసి, తర్వాత నా ముఖం చూసింది. "మీరెన్నింటికి వెళ్ళారండీ అక్కడికి?" అంది.

"తొమ్మిదిన్నరకి."

సూది ఎక్కించడానికి నరం కోసం వెతికితే మణికట్టు దగ్గర గాజులు అడ్డం. కత్తెరో పట్టకారో తెమ్మని ఆవిడ అంటూండగా కనకమ్మ ముందుకొచ్చింది. కోడలి చేతులు మంచం పట్టె మీద పెట్టి, తన పిడికిలితో, ఒకటీ ఒకటీ, ఇరవై నాలుగు గాజులూ తానే చిదిపింది. వేళ్ళ వెంట నెత్తురు కారుతోంది. ఫిట్స్ ఆపే మెగ్నీషియం సూదులు పడ్డాయి. డాక్టరమ్మ వచ్చి పట్టకార్లు వేసి బిడ్డని తీసింది. ఆడపిల్ల. ఏడ్చింది. తల్లికి మాత్రం స్పృహ లేదు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు.

నేను వరండాలో కూర్చున్నాను. ఆ ఒక్కరోజూ ఎవర్నీ వెటకారం చెయ్యాలనిపించలేదు. కాసేపటికి కనకమ్మ సీసా పట్టుకొచ్చి నా పక్కన పెట్టింది. సుగుణమ్మ గారి చేత బొడ్డుతాడు అందులో వేయించి తెచ్చింది.

"తీసుకోండమ్మా. మీరు సమయానికి ఉన్నారు గనక నా పిల్ల ఇక్కడిదాకైనా వచ్చింది. మీ పని మీద అంతదూరం వచ్చారు. పని అయ్యాక మాత్రం మట్టిలో పెట్టండి, కుక్కలకి దొరక్కుండా."

వద్దనవలసింది. తీసుకున్నాను.

గిలకలదిండి

చల్లగా ఉంచితే ఆ కణాలు ఒకటి రెండు రోజులు బతుకుతాయి. గడ్డకడితే చచ్చిపోతాయి. ఆసుపత్రిలో ఉన్న కాస్త ఐసూ పొద్దుటికి అయిపోయింది. గిలకలదిండి చేపల రేవులో దొరుకుతుందని చెబితే సీసాని ఫ్లాస్కులో పెట్టుకుని రిక్షాలో వెళ్ళాను. వేలంపాటగాళ్ళ అరుపులు, వలలు, బురద, చేపల పొలుసులు. మామూలుగా అయితే వీటి గురించి రెండు పేజీలు వెక్కిరించేదాన్ని. ఐసు కొట్టే కరీముల్లా అనే ఆయన నా ఫ్లాస్కులు తీసుకుని, ఎందుకని అడిగాడు. ఆసుపత్రి పని అన్నాను.

"అయితే డబ్బులొద్దండి. మా ఇంటావిడకి రెండు కాన్పులూ అక్కడే అయినయ్." ఐసు దిమ్మ పగలగొట్టి ఫ్లాస్కు నింపి, పక్కన గోనెలోంచి రెండు దోసిళ్ళు ఉప్పు వేసి కుదిపాడు. "మేలురకం రొయ్యకి ఇట్టాగే వేస్తామండి. రేపటిదాకా రాయిలా ఉంటది."

ఉప్పు కలిస్తే ఐసు సున్నా కంటే చాలా కిందకి దిగుతుందని పదో తరగతి పిల్లాడికి తెలుసు. నేను ఆయన ఉప్పు వేస్తుంటే చూశాను కూడా. నాగమణికి మెలకువ వచ్చి ఉంటుందా లేదా అని ఆలోచిస్తున్నాను. చాలా మంచివారండీ అని దణ్ణం పెట్టి వచ్చేశాను. ఆసుపత్రికి వచ్చి మూత తీసి చూస్తే సీసా తెల్లగా బిగుసుకుపోయింది. బొడ్డుతాడు కొయ్యముక్కలా ఉంది. ఆయన తప్పేం లేదు. నాకు మర్యాద చేశాడు.

అప్పుడే సుగుణమ్మ గారు లోపల్నించి వచ్చి, పిల్ల కళ్ళు తెరిచిందనీ, నీళ్ళడిగిందనీ, చూపు ఇంకా మసగ్గానే ఉంది గానీ వచ్చేస్తుందనీ చెప్పింది.

కనకమ్మ దగ్గరికి వెళ్ళి సీసా చేతికిచ్చాను. నా అజాగ్రత్త వల్ల పాడైంది, నాకిక పనికిరాదు, మీ పెరట్లో పాతుకోండి అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. సీసా కొంగులో చుట్టుకుంది. గుడ్డ కట్టిన వేళ్ళతో ముడి వెయ్యడం రాకపోతే నేనే వేశాను.

అంతటితో ఊరుకోలేకపోయాను. "కనకమ్మ గారూ, నాకు నిన్న పొద్దున్నే తెలుసు. పదకొండు గంటల బస్సుకే తీసుకురావలసింది. నేను గట్టిగా చెప్పలేదు."

"అట్టా అనుకోకండమ్మా. ఒకసారి చెప్పారుగా" అంది. తర్వాత, నిష్ఠూరమేమీ లేకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. "గట్టిగా చెప్పకపోయినా నేను వినేదాన్నేనమ్మా. నాకేమన్నా తెలుసా పాడా. కానీ పిల్ల గాజులు చూసి మీరు నవ్వారు చూడండి. అంత చదువుకున్నావిడ చూసి నవ్విందంటే అంతా బాగున్నట్టేగా అనుకున్నా. అందుకే నిబ్బరంగా కూర్చుని మీకు పీతలు వండా."